ఏడు రోజుల్లోగా

మెమో తెలుగులోనే వచ్చింది.
అందుకే నన్ను పిలిచింది గెడ్డం సలోమి.
"నువ్వు తెలుగు చెప్పేవాడివి కదా,
ఈ వాక్యంలో కర్త ఎవరో చూపించు."

"పూర్వానుమతి లేకుండా ఫలితాలు వెల్లడించినట్లు
గమనించడమైనది. తీవ్రంగా పరిగణించడమైనది."

కర్త లేడు.
కర్మణి ప్రయోగమా అంటే అదీ కాదు,
దానికి కనీసం "చేత" అని ఒక చెయ్యి ఉంటుంది.
ఇది చెయ్యి కూడా లేని క్రియ.

సలోమి చేసిందల్లా
మలికిపురం నుంచి అంతర్వేది దాకా స్కూటీ మీద తిరిగి
నూట పద్నాలుగు నూతుల్లోకి సీసా దించడం.
వెనక సీట్లో అటెండరు తాతబ్బాయి,
తాతబ్బాయి ఒళ్ళో ఐసు డబ్బా.
కాలవలు కట్టేసిన ఎండల్లో ఒకసారి,
లాకులెత్తి నీళ్ళొదిలాక మళ్ళీ ఒకసారి.
రొయ్యల చెరువులు దగ్గరయ్యేకొద్దీ
నూతిలో ఉప్పెంత పెరిగిందో పట్టిక వేసింది.
అందులో విశేషణాలు లేవు. నేను వెతికాను.
కాకినాడ సదస్సులో చదివింది.
జిల్లా పేపరు వాళ్ళు పైన పెట్టిన హెడ్డింగు మాత్రం
ఆవిడది కాదు.

రెండోనాడు రిజిస్ట్రారు గారి ఫోను.
మంచాయనే.
ఆయన గొంతు వెనకాల ఇంకెవరో దగ్గుతున్నారు.
"అమ్మా, ప్రభుత్వం ఉప్పు తింటున్నాం మనం."
"లీటరుకి ఎన్ని గ్రాములు సార్?" అంది సలోమి.
నవ్వులాటకి కాదు. ఆవిడ ప్రశ్నలన్నీ అంతే.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు,
ఏ ఊరి నీళ్ళో సామెత చెప్పదు.

అయిదోనాడు సఖినేటిపల్లి రేవులో
పంటు అవతలి ఒడ్డునే ఉండిపోతే
స్కూటీ సీటు మీద కాగితం పెట్టి వివరణ రాశాను.
"చింతిస్తున్నాను" అని రాశాను. కొట్టేసింది.
"ఇకపై జాగ్రత్త వహించగలను" కొట్టేసింది.
"ఉద్దేశపూర్వకంగా కాదు" దగ్గర ఆగి,
"ఉద్దేశం లేకుండా
నూట పద్నాలుగు నూతులు ఎవరు తోడతారు?" అంది.

నా ప్రమోషను ఫైలు కూడా
ఆ మెమో పుట్టిన బీరువాలోనే ఉంది.
ఈ మాట రేవులో చెప్పలేదు,
ఇక్కడ చెబుతున్నాను.

చివరికి కలం లాక్కుని తనే రాసింది:
"అరవై ఒకటో నూతి పల్లిపాలెంలో ఉంది.
చిక్కాల మంగాయమ్మ అనే ఆవిడ
చంకలో మనవరాలితో వచ్చి
'చదువుకున్నదానివి, ఇది పిల్లకి పట్టొచ్చా చెప్పు' అనడిగింది.
పట్టొద్దని చెప్పాను.
దానికి అనుమతి కావాలని అప్పుడు తెలియదు.
ఇప్పుడు తెలిసింది.
మళ్ళీ అడిగితే మళ్ళీ చెబుతాను."

కింద సంతకం, తారీకు.
"ఇట్లు తమ విధేయురాలు" అని నేను కలిపాను,
అదొక్కటీ ఉంచింది.
విధేయత ఎవరికో రాయలేదుగా, అంది.

ఎనిమిదో రోజుకి లాబుకి లక్క ముద్ర పడింది.
సీసాలు లోపలే ఉన్నాయి.
తాతబ్బాయి కిటికీ సందులోంచి రోజూ చూసి వస్తాడు.
మూత వదులైన సీసాల్లో నీళ్ళు తగ్గుతున్నాయట,
గాజుకి తెల్లగా చార కడుతోందట.
నీళ్ళైతే పోతాయి మేడమ్, అంటాడు,
తక్కింది ఎక్కడికి పోద్ది?

సోమవారం మొదటి గంట నాది, వ్యాకరణం.
వెనక బెంచీలోంచి యాళ్ళ ప్రశాంతి లేచి
"కెమిస్ట్రీ లాబు ఎందుకు మూసేశారు సార్?" అంది.
"మూయబడింది" అన్నాను.
ఇరవై ఏళ్ళ అలవాటు, నోటికి తెలియకుండా వచ్చేసింది.

"ఎవరిచేత?"

క్లాసంతా పుస్తకాల్లోంచి తలెత్తింది.
బయట కాలవలో గుర్రపుడెక్క తేలుతూ పోతోంది.
ప్రశ్న తప్పు కాదు, పాఠంలోదే.
తృతీయా విభక్తి:
చేతన్, చేన్, తోడన్, తోన్.
నల్లబల్ల మీద నాలుగూ రాశాను.
మొదటిదాని ముందు మాత్రం
ఒక పేరు పట్టేంత జాగా
వదిలాను.