ఏడువందల పన్నెండు దగ్గర

ఊరి పేరులోనే గుంట ఉంది,
అయినా ఎవరూ వంగి చూడలేదు.

నేను చూశాను. నా పేరు బాజీ.
పదహారేళ్ళుగా బోరుబండి మీద
రాడ్డుకు రాడ్డు బిగించే పని.
నల్లపాడు రోడ్డులో, కోల్డ్ స్టోరేజి వెనక,
మే నెల, రాత్రి రెండు దాటింది.
ఆరువందల దాకా నల్లరాయి,
ఆపైన ఇంకా నల్లరాయి,
పిండిమరలోలా పొడి లేచి
కుర్రాళ్ళ కనుబొమలు కూడా నెరిశాయి.

ఏడువందల పన్నెండు దగ్గర
రాడ్డు జారింది.
బావిలో చేద తాడు తెగినట్టు జారింది.
ఇంజను ఆపమని
కేసింగు పైపుకి చెవి ఆనించాను.

సంత.
ఒట్టేసి చెబుతున్నా, కింద సంత జరుగుతోంది.
బేరాలు, కావడి కిర్రుమనడం,
ఎవరో పిల్లని కేకేయడం,
దూరంగా, మన కృష్ణకంటే వెడల్పైన నీళ్ళు
ఎటో తాపీగా పోతున్న చప్పుడు.
మాటలు మనవే, అంచులు ఇంకా అరగలేదు,
శాసనం మీది అక్షరాలకు గొంతు వచ్చినట్టు.
నేల ఈనినట్టు జనం అంటాం కదా,
ఈనాక లోపల
ఎంతమంది మిగిలారో ఎవరు లెక్కేశారు?

తాడుకి టార్చి కట్టి దింపాను.
ఆరున్నర అంగుళాల కంతలోంచి
ఒంటికన్నుతో చూశాను.
వేళ్ళతో అల్లిన వంతెనలు, ఒకదాని కింద ఒకటి.
కళ్ళు పోయేంత దూరం ఉప్పుచేలు.
వాటి నడుమ ఒక పట్నం, దాని వెనక ఇంకోటి,
ఆ వెనక ఏదో మెరిసింది,
అక్కడికి నా టార్చి చాలలేదు.

వెలుగు తగలగానే
సంతంతా ఆగి తలెత్తింది.
ఒక ముసలావిడ మనవరాలికి చేయి చాపి చూపించింది:
"అదుగోనే, కొత్త చుక్క పొడిచింది."

అప్పుడు కూలబడ్డాను బురదలో.
ఏటుకూరులో వేసినవి, గోరంట్లలో వేసినవి,
కొరిటెపాడు అపార్టుమెంట్ల సందులో
బండి పట్టక గోడ కొట్టించి మరీ వేసినది,
మనకి మిట్టమధ్యాహ్నమైతే
వాళ్ళ ఆకాశంలో చుక్కలు.
పడనివన్నీ గోనెపట్టా కుక్కి
రాయి పెట్టి మూసేసింది నేనే.
ఎన్ని ఆర్పానో నా డైరీలో ఉంది,
"ఫెయిల్" అని రాసిన చోటల్లా.

స్టోరేజి ఆసామి కోటిరత్నంగారు
లుంగీ ఎగ్గట్టి వచ్చాడు.
"పడ్డాయా?"
"రాజ్యం పడిందండీ."
"నీళ్ళు పడ్డాయా అంటుంటే?"
"ఉన్నాయి. వాళ్ళవి."
"ఎవరివైతే మనకేం, మోటారు దించు."

పదహారేళ్ళలో మొదటి అబద్ధం ఆడాను.
"తప్పు విన్నానండీ. ఒట్టి బోరు."
ఆయన నన్ను, దేవుణ్ణి, పాయింటు చూపిన
కొబ్బరికాయ పంతుల్ని కలిపి తిట్టి
కోపంకొద్దీ పక్కనున్న బస్తాని తన్నాడు.
తేజ రకం, తొడిమ తీసిన కాయ.
సగం బస్తా కంతలోకి జారిపోయింది.

మూడు నిమిషాలు ఏమీ లేదు.
తర్వాత ఒక రాజ్యం తుమ్మింది.

లాలాపేటలో గిన్నెలు దొర్లాయి.
బ్రాడీపేటలో నిద్రలేచి రోడ్డుమీద నిలబడి
భూకంపమే, కాదు గూడ్సుబండి అని
తెల్లారేదాకా వాదించుకున్నారు.
నేను పైపు దగ్గరే కూర్చున్నాను, సిగ్గుతో.
కింద దగ్గు, దగ్గులో తిట్లు,
తిట్ల మధ్య ఎక్కడో నవ్వు.
తెలతెలవారుతుండగా
లోపలి గాలి ఒక్కసారి పైకి ఎగదన్నింది.
నా అరచేతిలో చిటికెడు ఉప్పు,
ఇంకా వెచ్చగా.

మీరాబీ దాన్ని ఏమీ అడక్కుండా
వంకాయలో వేసింది.
ఆ రోజు కూర గురించి
ఇంట్లో ఎవరూ వంక పెట్టలేదు.

ఇప్పుడు బండి మానేశాను.
పన్నెండింటికి స్టోరేజి గేటు దగ్గర
వాచ్‌మన్ ఏసోబుకి ఒక బీడీ ఇచ్చి
వెనక్కి వెళ్ళి రాయి పక్కకి జరుపుతాను.
సూర్యుడు నెత్తిమీద ఉన్నంతసేపే.
ఏసోబు నన్ను పిచ్చివాడనుకుంటాడు,
అయినా నిన్న తనే అడిగాడు:
"మబ్బు పట్టింది కదా భాయ్, ఇవాళెలా?"

జేబులో టార్చి తీసి చూపించాను.