మూతిమీది చెయ్యి

టార్టూలో జనవరి. నాలుగు కొట్టకముందే చీకటి.
ఎమాయెగి నది మీద మంచు పలక బిగిసింది.
మూడో అంతస్తులో లీవికా
ఏడు గాజుకుప్పెల ఈస్టుని ఊగే బల్ల మీద పెట్టి
చలికి పగిలిన వేళ్ళకి వాజలీను రాసుకుంటోంది.

ఈస్టు తెలుసుగా,
రొట్టెని పొంగించేది, బీరుకి నురగనిచ్చేది,
సూదిమొన మీద వందమంది సర్దుకు కూర్చునేంత ప్రాణి.
అంత ప్రాణికీ లోపల ఒక గది,
గదిలో రెండు పేటల దారం,
దారం పొడుగునా కోటికి పైగా అక్షరాలు.
నాలుగే అక్షరాల భాష. ఒత్తుల్లేవు, గుణింతాల్లేవు,
మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా లేదు.

అందులో ఒకచోట
సి జి జి, ఆపైన ఏవైనా సరే పదకొండు, ఆపైన సి సి జి.
ఇవతలి పేట ఇటునుంచి చదివినా
అవతలి పేట అటునుంచి చదివినా
ఒకటే మాట, వికటకవిలాగా.

ఆ మాట మీద ఒక ప్రోటీను వచ్చి వాలుతుంది.
పేరు గాల్ నాలుగు. జంటగా వస్తుంది.
ఒక్కొక్కరి పిడికిట్లో రెండేసి జింకు రేణువులు.
చీకట్లో గోడ తడిమి స్విచ్చు పట్టుకున్నట్టు
దారం గాడిలో వేలు పెట్టి తడుముతుంది.
ఒక్క జి తేడా వచ్చినా జారిపోతుంది.

వచ్చాక జన్యువుని లేపాలి కదా.
లేపదు.
మూతిమీద ఒక చెయ్యి ఉంది.
ఆ చెయ్యి పేరు గాల్ ఎనభై.

చదువుకునే రోజుల్లో లీవికా
పిలిస్తే పరుగెత్తుకొచ్చే నౌకరనుకుంది వాణ్ణి.
ఎప్పుడో వచ్చి గడపలో కూర్చున్నాడని,
చెప్పాల్సింది నాలిక చివర పెట్టుకునే ఉన్నాడని
ఎవరు చెప్పినా నమ్మేది కాదు.

ఆరూ పదికి గాలాక్టోజు పోసింది.
పాలలోని చక్కెరని విరిస్తే రెండు ముక్కలు, ఇది రెండోది.
అది లోపలికెళ్ళి గాల్ మూడుని తడుతుంది,
గాల్ మూడు వెళ్ళి ఆ చేతిని పట్టి లాగుతుంది,
ఇక ఆగదు, నోరు మూసుకున్న జన్యువు
వెయ్యింతలై మాట్లాడుతుంది.
ఆ మాట కొంగుకి లీవికా ముందే
పచ్చని వెలుగొకటి ముడేసి ఉంచింది.
ఎనిమిదిన్నరకి
ఆరు కుప్పెలు నీలిదీపం ముందు పచ్చబడ్డాయి.

ఏడోదాంట్లో గాల్ మూడు లేదు. తనే కోసేసింది.
చెయ్యి లాగేవాళ్ళు లేరు.
నోటుపుస్తకంలో రాసింది: ఏడు, మూగది.
పారబొయ్యడం మరిచిపోయి, దీపం ఆర్పడం మరిచిపోయి
ఆఖరి బస్సుకి పరుగెత్తింది.

జినాయిదాది నార్వా.
ఇరవైరెండేళ్ళుగా ఈ నేలే తుడుస్తోంది.
ఎస్టోనియన్ అంతా అర్థమవుతుంది,
జవాబు మాత్రం తలతోనే.
ఒకసారి పోస్టాఫీసులో వరుసంతా నవ్విందట.
అదీ ఎవరో చెప్పిందే. ఆమె చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత, సోమవారం,
ఊగే బల్ల తుడవడానికి
మిగిలిపోయిన ఆ ఒక్క కుప్పెనీ తీసి
ఆర్పని దీపం పక్కన పెట్టింది.
లీవికా బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చేసరికి
ఆమె తల తిప్పకుండానే అంది:
"రోహెలినే."
పచ్చగా ఉంది, అని.
ర కాస్త ఎక్కువ దొర్లింది. అంతే.

లీవికా వంగి చూసింది. పలచగా, నిజంగానే.
చదివి మరిచిన సంగతి మెల్లగా గుర్తొచ్చింది:
గాల్ మూడు లేనిచోట గాల్ ఒకటి,
మూసిన జన్యువులోంచే చుక్కా చుక్కా కారినది,
రోజుల తరబడి పోగయి పోగయి
తన పని కానిదాన్ని నెత్తినేసుకుని
ఆ చేతిని తనే లాగుతుంది.

మూగది అన్నమాట కొట్టేసింది.
పైన ఏం రాయాలో తోచక
పెన్ను గాల్లో అలాగే ఉండిపోయింది.

జినాయిదా బకెట్టు ఎత్తుకుంది.
తలుపు దాకా వెళ్ళి, ఆగి,
తడి నేలకేసి గడ్డం ఊపబోయి, మానేసి,
ఇంకో మాట కూడా అంది:
"చూసుకో, జారుతుంది."