ఐదొందల్లో ముప్పై ఐదు

కొత్తపేటలో మా ల్యాబు రెండో అంతస్తు.
కింద మందుల షాపు, పక్కన జిరాక్సు,
మెట్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు
ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉంటారు.

లోపల నేను కుక్కర్ పెడతాను.
నవ్వకండి, నిజంగా కుక్కరే,
స్టీలు సామాన్ల కొట్లో బేరమాడి కొన్న ఐదు లీటర్లది.
అందులో పప్పు ఉడకదు.
గాజు పలకల మీద అతికిన మనుషుల ముక్కలు
పుల్లటి నీళ్ళలో ఉడుకుతాయి.
ఫార్మలిన్‌లో బిగుసుకుపోయిన కణం
ఆ ఆవిరికి కాస్త మెత్తబడి
దాచుకున్నది చూపిస్తుంది.
మూడు విజిళ్ళు. నాలుగోది రానిస్తే
ముక్క పలక వదిలి తేలిపోతుంది.
అన్నం మాడుస్తానని మా అత్త దగ్గర నాకు పేరుంది,
ఇక్కడ మాత్రం ఇంతవరకూ ఒక్క పలకా పోలేదు.

ఇవాళ్టి పలక పేరు దేవకరుణ.
ముప్పై నాలుగేళ్ళు. ఎడమ అండాశయం.
చిన్న పుచ్చకాయంత నీటితిత్తి,
లోపలి గోడకి కాలీఫ్లవర్ లాంటి పూత.
చీటీ మీద వేలిముద్ర ఎర్రగా ఉంది,
ముట్టుకున్న చేత్తో కన్ను తుడుచుకుని
అరగంట ఏడ్చాను:
మిర్చి యార్డులో తొడిమలు తీసే మనిషి.

మామూలు రంగులో చూసి మేడమ్ రెండు రోజులు తేల్చలేదు.
"మంచిదనడానికి నోరు రావట్లేదు,
చెడ్డదనడానికి చెయ్యి రావట్లేదు" అంది.
గట్టు మీద నిలబడ్డ గడ్డ.
అటు దూకేసిందా, ఇంకా ఇటే ఉందా?
"కె.ఐ. అరవై ఏడు వెయ్యి, రిజ్వానా."

అదొక గుర్తు. నిద్రపోయే కణంలో కనపడదు.
రెండుగా చీలడానికి నడుం కట్టిన కణంలోనే ఉంటుంది,
రాత్రి షిఫ్టు నడిచే జిన్నింగ్ మిల్లులో దీపంలా.
దాన్ని వెతికి పట్టే మందు, ఫ్రిజ్‌లో చిటికెనవేలంత సీసా.
మే నెలలో కరెంటు పోతే
ముందు దాని వైపే పరిగెడతాను.
పట్టుకున్న చోట గోధుమరంగు, లేనిచోట నీలం.
పక్కనే ఇంకో ముక్క పెడతాం,
ఏ పిల్లాడి గొంతులోంచి తీసిన టాన్సిలో.
అది గోధుమరంగుకి తిరిగితేనే
ఈమె సంగతి నమ్మాలి.
ఆ పిల్లాడు ఈపాటికి ఎక్కడో ఐస్‌ఫ్రూట్ తింటూంటాడు.

తిరిగింది.

మేడమ్ కన్ను గొట్టం మీద, నా బొటనవేలు లెక్క మీట మీద.
"నీలం. నీలం. నీలం. గోధుమ. నీలం.
ఇది వద్దు, తెల్లకణం. నీలం."
పల్చటి చోటు కాదు, బాగా ముసిరిన చోటే ఎంచుకుంది,
సేటు టిక్కీలోకి మోచేతిదాకా దూర్చి
అడుగునుంచి గుప్పెడు లాగినట్టు.
రెండొందల దగ్గర ఫోను మోగింది, ఎత్తలేదు.
మూడొందల నలభై దగ్గర మూడు గోధుమలు వరసగా.
నా వేలు ఒక్క క్షణం మొరాయించింది.
నొక్కాను.

ఐదొందల్లో ముప్పై ఐదు.
నూటికి ఏడు.

మేడమ్ మళ్ళీ పాత పలక పెట్టి అంచులన్నీ వెతికింది.
గోడ దాటి చొచ్చుకుపోయిన జాడ లేదు.
"అంకె తీర్పు చెప్పదే, సాక్ష్యం చెబుతుంది" అని గొణిగి
'సరిహద్దు గడ్డ' అని టైపు చేయించింది.

కవరు ఇవ్వడమే మా పని, చెప్పడం కాదు.
అయినా మేడమే బయటికొచ్చి
కోటుతోనే మెట్టు మీద కూర్చుంది, దేవకరుణ పక్కన.
నూటికి ఏడేనమ్మా, అంది.
భయపడేంత కాదు, అంది.

దేవకరుణ కవరు వైపు చూడలేదు.
"నూరు కాయల్లో ఏడు తాలా?" అంది.
"ఆ టిక్కీకి మా దగ్గర ధర తెగ్గోస్తారండి."
కాసేపాగి,
"తాలైతే నేను ఏరి పక్కన పడేస్తాను.
మరి ఆ ఏడూ?"

ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమని
మేడమ్ చెబుతూనే ఉంది.
లోపల కుక్కర్ కూసింది.
రెండోదో, మూడోదో.
పరిగెత్తాను.