దులాల్ ఇచ్చిపోయిన అయిదు

టమాటాల డబ్బాలో వచ్చాయి,
కాళ్ళు కట్టి, పైన తడిపిన గోనెపట్టా కప్పి,
సహమ్ తోటల్లోంచి మా అద్దె ఇంటి దాకా
వీరేశం పికప్ వెనకాల.
తోట అమ్ముడైంది. దులాల్ చిట్టగాంగ్ వెళ్ళిపోతున్నాడు,
ఈసారి తిరుగు టికెట్ లేదు.
"పిల్లలు కావు భాభీ, వయసొచ్చినవి.
తొందరపెట్టొద్దు" అన్నాడు, తాడు ముడి నా చేతికిస్తూ.

పాత డెజర్ట్ కూలర్‌కి మోటారు పీకేసి
లోపల ఖర్జూరపు మట్ట ఒకటి అడ్డంగా బిగించి
గూడన్నాం.
చీకటి పడ్డాకే లోపల పెట్టు,
మూడు రాత్రులు తలుపు తీయకు,
ఊరికే తొంగి చూడకు.
గోడ అవతలి షంసా అవ్వ
అరబ్బీలో సగం, వేళ్ళతో సగం చెప్పింది.
మా అమ్మయితే గంప కింద కప్పెట్టేది.
ఇక్కడ గంప ఎక్కడిది?
ఉతికే బట్టల బుట్ట బోర్లించి చూశాను.
చారలది దాన్ని నెత్తిన పెట్టుకుని పెరడంతా తిరిగింది.

నాలుగో పొద్దున తలుపు తీశాను.
రాలేదు.
నూకలు చల్లి బ బ్బ బ్బ బ్బా అన్నాను,
జగిత్యాల కోళ్ళన్నీ పరుగెత్తుకొచ్చే పిలుపు.
అయిదు మెడలు పక్కకి వంగాయి,
ఏదో ఆఫీసులో పేరు పిలిస్తే
మనదేనా అని చూసే మనుషుల్లా.

ఇందుజ బకెట్ బోర్లించుకుని కూర్చుని
వాటికి ఎక్కాలు అప్పజెప్పింది.
పదమూడో ఎక్కంలో తడబడ్డ చోట
వంకర తురాయిది ఒక కాలు బయట పెట్టింది.

మధ్యాహ్నం నలభై ఆరు.
ముక్కులు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుని
ఏసీ నీళ్ళు బొట్లు బొట్లుగా పడే తడి ఇసుకలో
పొట్టలు ఆనించాయి.
ఆ వేడిలోనూ పెద్దరికాల తగువే.
నల్లది ఎర్రదాన్ని పొడిచింది,
ఎర్రది చారలదాన్ని,
చారలది ఎవరూ దొరక్క నా చెప్పుని.

గుడ్డు లేదు. తొమ్మిది రోజులు.
వీరేశం డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే
గూట్లో చెయ్యి పెడతాడు.
మేత తప్పంటాడు, నీళ్ళు ఉప్పంటాడు,
గుడ్డే లేని చోట ఈకలు పీకుతాడు.
"కోడలైనా కాపురానికొచ్చిన వారానికే
ఊయల కట్టించదు కదా" అన్నాను.

ఆ రాత్రి దులాల్‌కి మెసేజ్ పెట్టాను.
వాయిస్ వచ్చింది. వెనకాల రేకుల మీద వాన,
ఎవరిదో చంటిపిల్ల ఏడుపు,
తర్వాత అతని గొంతు:
ఆయ్ ఆయ్, తీ తీ తీ తీ.

పొద్దున్నే ఫోను గోడ మీద పెట్టి వినిపించాను.
అయిదూ ఒక్కసారి లేచాయి.
దుమ్ము రేపుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ
నా వైపు కాదు,
గేటు వైపు.
ఇనుప గేటు కింది జానెడు సందులో
తలలు పెట్టి నిలబడ్డాయి.
గొంతు అయిపోయింది. వాన చప్పుడు కూడా అయిపోయింది.
నూకలు చల్లినవి చల్లినట్టే ఉన్నాయి.

మళ్ళీ వినిపించలేదు.
నా నోటితోనే నేర్చుకున్నాను,
బ బ్బ తీ తీ, అటూ ఇటూ కాని పిలుపు.
ఇందుజ నవ్వుతుంది.
షంసా అవ్వ మనవడు అదే పిలుపుతో
తన మేకని పిలుస్తున్నాడు.

పదకొండో రోజు గుడ్డు.
గూట్లో కాదు,
వీరేశం ఎండకు బోర్లా తిప్పి పెట్టిన పసుపు హెల్మెట్‌లో.
ఫొటో తీసి పంపాను. రెండు నీలం టిక్కులు.
"ఏదాన్ది?" అని అడిగాడు దులాల్.
అతనైతే చెప్పేసేవాడే.
మాకు తెలీదు.

నాలుగు ఇప్పుడు మగ్రిబ్ అజాన్ వినబడగానే
వరసగా లోపలికి పోతాయి.
వంకర తురాయిది పోదు.
గేటు దిమ్మె మీద, రోడ్డు వైపు మొహం పెట్టి
ముడుచుకుంటుంది.
బాగా చీకటి పడ్డాక వెళ్ళి
రెండు చేతులా ఎత్తి తెచ్చి
మట్ట మీద ఆ చివర పెడతాను.
ఒక కన్ను తెరుస్తుంది, మూస్తుంది.
రోజూ అంతే.
పొట్ట కింద వేడి,
నిన్నటి కంటే కాస్త బరువు.