తరుగు

తొకాచి మైదానంలో
అక్టోబరు అంటే కాటా మీద బురద.
తెల్లారి ఐదింటికే లారీలు వరస కడతాయి
చక్కెర మిల్లు పొగగొట్టం వైపు ముఖాలు పెట్టి.
కిటికీ పక్కన నేను.
బరువు రాసుకుంటాను, మట్టి తరుగు తీస్తాను,
దుంపను కోరి, పిండి, తీపి ఎన్ని పాళ్లో చూసి
చీటీ చింపి ఇస్తాను.
పంతొమ్మిదేళ్లుగా ఇదే పని.
మనుషుల పేర్లు మరిచిపోతాను గానీ
దుంప చూపిస్తే ఏ పొలమో చెబుతాను.

కిర్యూ తోకుజి పొలం రోడ్డుకి ఆనుకునే ఉంటుంది.
నల్లటి బూడిద నేల. మిల్లుకి పది నిమిషాలు.
మొదటి ఏడు హెక్టారుకి అరవై ఎనిమిది టన్నులు.
చీటీ మడిచి టోపీలో దోపుకున్నాడు.
వచ్చే ఏడు ఏం వేస్తారని అడిగితే
"పాలిచ్చే ఆవుని పక్కింటి వాకిట్లో కట్టేస్తామా?" అన్నాడు.

రెండో ఏడూ అక్కడే బీట్. అరవై ఒకటి.
వాన సరిగ్గా పడలేదన్నాడు.
మూడో ఏడూ అక్కడే. నలభై తొమ్మిది.
విత్తనం మోసమన్నాడు.
నాలుగో ఏడు
వానా బాగుంది, విత్తనమూ కొత్తదే.
ముప్పై నాలుగు.
ఇక దేన్ని అనాలో తెలియక
నా కాటాని అన్నాడు.

లేచి వెళ్లి లారీలోంచి ఒక దుంప తీశాను.
పిడికిలంత.
వేలు దూరనంత గుబురుగా సన్న వేళ్లు,
తుప్పు రంగు గడ్డం.
ఆకులు ఆగస్టులోనే ఎందుకు పాలిపోయాయో
అడగనక్కర్లేదు.
తీపి పన్నెండు పాళ్లు.

"నేలకి మొహం మొత్తింది," అన్నాను.
తీపి తినే నోటికే కాదు
తీపి పండించే మట్టికీ మొత్తుతుంది.
రోజూ అదే వంట వండే ఇంట్లో
పిలవని చుట్టం మకాం వేస్తాడు.
కంటికి ఆనని పురుగు, వేరు పట్టుకుని పాకే తెగులు,
వాటికి మన గుమ్మం, మన భోజనం వేళ
కంఠతా వచ్చేస్తాయి.
ఆయన వినలేదు. చీటీ కూడా తీసుకోలేదు.
మర్నాడు భార్య హత్సుయే వచ్చి పట్టుకెళ్లింది.
అప్పటికే దాని మీద నా టీ కప్పు గుర్తు.

తర్వాత మూడేళ్లు ఆ పొలం నా కాటా ఎక్కలేదు.
లారీవాళ్లు చెబితే విన్నాను.
హత్సుయే బంగాళాదుంప పెట్టిందట,
తవ్విన వెంటనే గోధుమ చల్లిందట,
గోధుమ మంచు కింద పడుకుని మళ్లీ లేచిందట.
కోత అయ్యాక ఓట్స్ జల్లి
పచ్చగా ఉండగానే దున్నేసిందట.
లార్చ్ చెట్ల వరసలో నిలబడి తోకుజి
"తినని పంటకి డీజిలు కూడానా" అని గొణిగాడట.
మూడో ఏడు ఎర్ర అజుకి గింజలు.

ఆ చలికాలం ఆమె నాకో డబ్బా తెచ్చింది.
బన్నులు, లోపల తీపి అజుకి ముద్ద.
గింజ ఆ పొలానిది, చక్కెర మా మిల్లుది.
ఒకే మట్టి బిడ్డలే, అయినా
ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదు.
ఒకరు దిగిపోతే గాని ఇంకొకరు ఎక్కరు.
ఇదిగో, నా నోట్లో కలుసుకున్నారు.
రెండోది కూడా తిన్నాను.

ఆ పై అక్టోబరులో ఒక పొద్దున, పొగమంచు.
లారీ నడుపుతున్నది హత్సుయే.
పక్క సీట్లో ఆయన, అద్దం దించకుండా.
యాభై తొమ్మిది టన్నులు. పదహారున్నర పాళ్లు.
ఒక దుంప తీసి తిప్పి చూశాను.
గడ్డం పలచబడింది. పోలేదు.
మొదటి ఏటి లెక్కకి ఇంకా తొమ్మిది టన్నులు తక్కువే.

చీటీ ఆమె చూసి ఆయనకిచ్చింది.
చాలాసేపు చదివాడు.
అప్పుడు దిగింది అద్దం.
"మట్టి తరుగు ఎక్కువ తీశావు."
"దుంప పెద్దదైతే మట్టీ ఎక్కువే పడుతుంది," అన్నాను.

"వచ్చే ఏడు?"
హత్సుయే గేరు వేస్తూ, "బంగాళాదుంప."
ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి
తలుపుకి అంటిన మన్ను గోటితో గీకుతున్నాడు.
వెనక లారీ హారన్ కొట్టింది.
కాటా ముల్లు సున్నాకి వచ్చేదాకా ఆగి
తర్వాతి వాళ్లని పిలిచాను.