పిల్లికూత

న్యూఫౌండ్‌లాండ్ ఒడ్డున, పీతలు ఉడికే తొట్టి పక్కన
పద్దెనిమిది సీజన్లు నిలబడింది ఫిలొమీనా.
ఆ ఆవిరే ఆమెకి గాలి.

పరిహారం దరఖాస్తు మూడుసార్లు పంపాం.
మూడుసార్లూ ప్రశ్నలై తిరిగొచ్చింది:
పొగ తాగుతారా? ఇంట్లో పిల్లి ఉందా?
ఉంది. ఆమె ఛాతీలో ఉంది.
రాత్రిళ్లు దాని కూతకి
పక్కింటివాళ్లు కూడా లేస్తారు.

నాలుగోసారి మేనేజరు పైక్‌ని
బల్ల ముందు కాదు, తొట్టి ముందు కూర్చోబెట్టాను.
యూనియన్ తరఫున ఒక్క మాటా మాట్లాడలేదు.
పావుగంటకి కళ్లజోడు తుడుచుకున్నాడు.
ఇంకో పావుగంటకి దగ్గాడు.
"మా అమ్మ కూడా ఈ లైన్లోనే..." అని
మిగతాది మింగేశాడు.

ఆ సాయంత్రం నా పెన్ను రాయనంటే
అతని పెన్నుతోనే ఇద్దరం సంతకాలు పెట్టాం.
తొట్టి నెత్తిన ఆవిరి లాగే గొట్టం బిగించడానికి
ఇంకో ఏడాది పోట్లాడుకున్నాం, అది వేరే సంగతి.

మొదటి చెక్కు అందుకోడానికి
ఆఫీసు మెట్లెక్కుతూ
నాలుగో మెట్టు మీద ఆగింది ఫిలొమీనా.
పైన పైక్, కింద నేను.
ఎవరం కదల్లేదు,
పిల్లి సద్దుమణిగేదాకా.