వంగకూడని ఆరు వారాలు

మంచం దిగడం మళ్ళీ నేర్పింది
ఫిజియో అమ్మాయి ఫిలొమెన:
దుంగలా ఒకేసారి పక్కకి దొర్లాలి,
కాళ్ళు కిందికి జార్చి మోచేత్తో లేవాలి.
యాభై మూడేళ్ళవాణ్ణి,
రోజూ పొద్దున్నే దుంగనై
ఆ తర్వాతే మనిషినవుతున్నాను.

నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య
నలిగి బయటికొచ్చిన మెత్తటి ముక్కని
గోరంత కోసి తీశారట.
సీసాలో పెట్టి చూపిస్తారనుకున్నాను. చూపలేదు.
ఏడు నెలలు నన్ను వంటింటి గచ్చు మీద పాకించింది
అంత చిన్నదా!

లిస్బన్ వీధుల్లో తెల్లరాళ్ళూ నల్లరాళ్ళూ పరిచే పని నాది.
ముప్పై ఏళ్ళు మొహం నేలకి జానెడు దూరంలో.
ఈ పేటలో అందరి బూట్లూ తెలుసు,
మొహాలు తెలియవు.
ఇప్పుడు ఆసుపత్రి కాగితం మీద మొదటి మాట: వంగొద్దు.
రెండోది: రెండు కిలోలు మించి ఎత్తొద్దు.
మూడోది చదవలేదు.

నడుం బిగించి బతికానని చెప్పుకునేవాణ్ణి.
ఇప్పుడు బిగించేది ఇదాలిన,
మూడు పట్టీల బెల్టు,
ఊపిరి బిగపట్టమని కసిరి మరీ.
మేజోళ్ళూ తనే తొడుగుతుంది.
ఎడమ బొటనవేలు ఇంకా ఎవరిదోలా ఉంది.
గిల్లి, "వచ్చిందా?" అంటుంది.
"ఎక్కడో దూరంగా," అంటాను.
తుమ్మొస్తే ఇద్దరం మాటలాపి గోడ పట్టుకుంటాం,
వెన్ను నాదొక్కడిదే అయినా.

నిన్న బేకరీ మూలదాకా నడిచాను.
నేను పరిచిన వీధే.
పైనించి చూస్తే అలలు!
కిందినించి అవెప్పుడూ రాళ్ళే నాకు.

బేకరీ ముందు ఒక రాయి ఊడి పక్కన పడి ఉంది,
పన్ను రాలిన చిగురులా గుంట.
లేని సుత్తి కోసం చెయ్యి జేబులోకి పోయింది.
కొంచెం వంగాననుకుంటా,
కుట్లు మానిన చోట ఎవరో చొక్కా పట్టి లాగినట్టయింది.

బడికి పోతున్న కేప్ వెర్డె పిల్ల ఆగింది,
జడల చివర నీలం పూసలు.
"తాతా, ఏం పడేసుకున్నావ్?"
"ఏమీ లేదు. ఆ రాయి అందులో పెట్టు.
అలా కాదు, తిప్పు. నున్నటి వైపు పైకి.
ఇప్పుడు మడమతో తొక్కు."
ఒకసారి చాలు. మూడుసార్లు తొక్కి
పూసలు గలగలలాడించుకుంటూ పోయింది.

రాయి వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చుంది.
నా కింద పనిచేసే కుర్రాడైతే
పీకించి మళ్ళీ పెట్టించేవాణ్ణి.
చాలాసేపు నిటారుగా నిలబడి దాన్నే చూశాను,
ఎవరో కాఫీకి పిలిచేదాకా.
ఆయన బూట్లు నాకు తెలుసు.

రాత్రి ఇదాలిన మేజోళ్ళు విప్పింది.
"వచ్చింది," అన్నాను,
తను గిల్లకముందే.